మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024-25: సెప్టిక్ ట్యాంకుల నుంచి యూజీడీకి (భూగర్భ డ్రైనేజీకి)

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి నివేదికలో ఎక్కువ భాగం డ్రైనేజీ గురించే ఉంటుంది, ఎందుకంటే మనం ఈ ఏడాది నిజంగా చేసిన పని అదే. మిగతావి ముందే చెప్పేస్తాను. పార్కులో లైట్లు బాగు చేయించాం. సెప్టెంబరు 7న వినాయక చవితి నాటికి వీధిలో ఇంకా నీళ్లుండటంతో పందిరి వేయలేదు, ఆ చందా డబ్బు వంటలకూ మంచినీళ్ల క్యాన్లకూ వాడాం. జమాఖర్చుల కాగితం విడిగా ఇస్తున్నాం, చూసి అనుమానం ఉన్నదేదైనా అడగండి.

2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్ వైపు విరుచుకుపడినప్పుడు మనలో చాలామంది ఇళ్లలోకి ముందుగా నీళ్లొచ్చింది వాకిట్లోంచి కాదు, బాత్రూంలోంచి. ట్యాంకు నిండిపోయి కమోడ్‌లోంచి ఎగదన్నింది. వరద తీశాక బురద ఎత్తిపోశాం, ఫినాయిల్‌తో కడిగాం, గోడలకు సున్నం వేశాం, అయినా ఆ వాసన దీపావళి దాకా వదల్లేదు. పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్న ఇళ్లు ఏవో మీకు తెలుసు.

అక్టోబరు మీటింగులో రెండో వీధి పిన్నిగారు లేచి ఒకే మాట అడిగారు. మన రోడ్డు కింద యూజీడీ లైను పడి ఏళ్లయింది కదా, మనమింకా ఈ ట్యాంకులు ఎందుకు పెట్టుకున్నాం అని. ఎవరి దగ్గరా సమాధానం లేదు. 64 ఇళ్లలో అప్పటికి లైనుకు కలిసినవి 19. మిగతా ఇళ్ల ట్యాంకులు నిండితే ఆ నీళ్లు పైపు వేసి సైడు కాలువలోకే వదిలేస్తున్నాం. మనది బంకమట్టి నేల, ఇంకుడు గుంత పీల్చుకోదు. సెప్టిక్ ట్యాంకు మురుగును శుభ్రం చేస్తుందని చాలామంది అనుకుంటున్నారు గానీ అది గట్టి పదార్థాన్ని అడుక్కి దించి కొంత కుళ్లబెడుతుంది, అంతే. పైనుంచి పొర్లే నీళ్లలో రోగాలు తెచ్చే క్రిములు చాలావరకు అలాగే ఉంటాయి. కాలువలో కలిసింది బుడమేరుకు, అక్కణ్నుంచి కొల్లేరుకు పోతుంది. ఆ కాలువ పక్కనే మన బోర్లు కూడా ఉన్నాయి.

ఈ ఏడాది కొత్తగా 31 ఇళ్లు కలిశాయి. ఇంకా 14 మిగిలాయి.

ఇన్నాళ్లు ఎందుకు ఆగిందో పనిలో దిగాకే అర్థమైంది. మన ఇళ్లు ఎక్కువ తూర్పు ముఖం, బాత్రూం, ట్యాంకు వాస్తు ప్రకారం వాయవ్యంలో. యూజీడీ లైను ముందు రోడ్డులో. అంటే పైపు ఇంటి పక్క సందులోంచి ముందుకు రావాలి, అది కూడా వాలుతో. నాలుగంగుళాల పైపుకు 40 నుంచి 60 అడుగులకు ఒక అడుగైనా దిగాలి. వాలు తక్కువైతే గట్టిది పైపులోనే కూర్చుండిపోతుంది. మూడో వీధి చివరింట్లో బాత్రూం నుంచి రోడ్డు దాకా 60 అడుగులు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైపైన వేయడంతో ఆ ఇల్లు రోడ్డు కంటే గుంటలో పడిపోయింది. మొదట వచ్చిన ప్లంబరు అవదు అని వెళ్లిపోయాడు. మన మేస్త్రి మాత్రం రసమట్టం పక్కన పెట్టి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ట్యూబులో నీళ్లు నింపి, ఒక చివర బాత్రూం గోడకు, ఇంకో చివర రోడ్డు చాంబరు (పైపులు కలిసే, మూత ఉన్న తొట్టి) దగ్గర పట్టించి పెన్సిలు గీత గీశాడు. పైపు రోడ్డు చాంబరు అడుగుభాగానికి నాలుగంగుళాలు పైనే పడుతుందని, అంటే పని అవుతుందని తేలింది. ఆ నాలుగంగుళాల కోసం సందులో నాపరాళ్లన్నీ లేపి ఒకరోజంతా తవ్వాం. సాయంత్రం బకెట్టు నీళ్లు పోస్తే చాంబరులోకి గలగలా దిగాయి. ఇంటి పెద్దాయన అక్కడే గట్టు మీద కూర్చుండిపోయారు, ఆయనకు మాట రాలేదు.

మిగిలిన 14 ఇళ్లవాళ్లు దయచేసి ఇవి గుర్తుపెట్టుకోండి. పైపు మలుపు తిరిగే ప్రతిచోటా చాంబరు కట్టించండి, లేకపోతే అడ్డుపడ్డప్పుడు గచ్చు పగలగొట్టాల్సి వస్తుంది. వంటింటి, స్నానాల నీళ్లకు గల్లీ ట్రాప్ పెట్టించండి, అందులో నిలిచే నీళ్లే గ్యాసును ఇంట్లోకి రానివ్వకుండా ఆపుతాయి. డాబా మీది వాన నీటి పైపును మాత్రం యూజీడీకి కలపకండి, ఒక్క పెద్ద వానకే మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. యూజీడీ ఉంటే వరద రాదని కాదు. లైను నిండితే అదీ వెనక్కి తంతుంది, కాబట్టి రోడ్డు కంటే కిందున్న ఇళ్లు చివరి చాంబరులో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టించుకోవాలి.

పని తీసుకున్నవాళ్లతో ఒక ఇబ్బంది వచ్చింది. రోడ్డు అడ్డంగా తవ్విన కాంట్రాక్టరు పూడ్చకుండా పన్నెండు రోజులు వదిలేశాడు, రాత్రి ఒక అమ్మాయి స్కూటీతో సహా అందులో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. తప్పు మాది కూడా, బిల్లు చివరి భాగం రోడ్డు పూడ్చాకే ఇస్తామని ముందే రాసుకోవాల్సింది. ఇప్పుడు రాసుకుంటున్నాం.

అన్నిటికంటే ముఖ్యమైనది పాత ట్యాంకు. లైను కలిపాక దాన్ని అలాగే మూత పెట్టి వదిలేస్తే రాయి విరిగి మనిషి పడతాడు, దోమలు పుడతాయి. ముందు లారీతో పూర్తిగా ఎత్తించి, అడుగున రెండు మూడు కన్నాలు కొట్టించి ఇసుకో మట్టో పోసి పూడ్చాలి. జనవరిలో ఒక ఇంటివాళ్లు లారీ ఖర్చు ఎందుకని ఇద్దరు కుర్రాళ్లను దింపబోయారు. ఒకడు అప్పటికే తాడు కట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు, పంతొమ్మిదేళ్లు కూడా ఉండవు. మేం పరిగెత్తి ఆపాం. ట్యాంకులో పుట్టే గ్యాసుకు కొన్నిసార్లు ఒక్క ఊపిరికే మనిషి పడిపోతాడు, తీయడానికి దిగినవాడూ పోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. అలా పోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. కానీ ఆ కుర్రాడి మొహం చూసినవాళ్లకు డబ్బు లెక్క గుర్తురాదు. ట్యాంకు ఎత్తించే బండి కోసం 14420 నంబరుంది. లారీ ఖర్చు కష్టమైనవాళ్లు నాకు చెప్పండి, సంఘం సగం భరిస్తుంది, పేరు ఎవరికీ తెలియదు.

వచ్చే ఏడాది వానలు మొదలయ్యేలోపు 14 ఇళ్లూ కలపాలి. అందులో ఆరు అద్దె ఇళ్లు, ఓనర్లు హైదరాబాదులో, బెంగళూరులో ఉన్నారు, ఫోన్లు చేస్తున్నాం. నీళ్ల ట్యూబు, చాంబరు మూతలు ఎత్తే రెండు కొక్కేలు పార్కు గదిలో ఉన్నాయి, తాళం వాచ్‌మన్ దగ్గర తీసుకోండి, వాడి మళ్లీ అక్కడే పెట్టండి.