లండన్‌లో సైన్స్ తిరనాళ్ళు

నాన్నగారికి,

నమస్కారం. నేనిక్కడ క్షేమం. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? అమ్మ పంపిన గోంగూర పచ్చడి నిన్నటితో అయిపోయింది. ఆ మాట ముందు చెప్పెయ్యండి, లేకపోతే మిగతా ఉత్తరం మీద అమ్మ మనసు నిలవదు.

కిందటి ఆదివారం ఫోన్లో మీరొకటి అడిగారు. "రాయల్ సొసైటీ, రాయల్ సొసైటీ అంటుంటావు. పెద్దవాళ్ళ పేర్ల చివర ఎఫ్.ఆర్.ఎస్. అని మూడు ఇంగ్లిషు అక్షరాలు తగిలించడం తప్ప ఆ బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘం చేసే పనేంటమ్మా?" అన్నారు. సిగ్నల్ సరిగ్గా లేదని తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ మొన్నటిదాకా సగమే తెలుసు. పోయిన వారం నాలుగు రోజులు వాళ్ళ భవనంలో నిలబడి నిలబడి కాళ్ళు పీకేశాక మిగతా సగం తెలిసింది.

ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. కార్ల్‌టన్ హౌస్ టెర్రస్ అని తెల్లటి పెద్ద భవనాల వరస. సొసైటీ 1967 నుంచి అక్కడుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడ జర్మన్ రాయబార కార్యాలయం ఉండేది. ఆ రాయబారి గారి కుక్క 1934లో కరెంటు తీగ కొరికి చచ్చిపోయిందట పాపం, దాని సమాధి ఇంకా పక్కనే చెట్టు కింద ఉంది. సైన్స్ చూడ్డానికొచ్చిన పిల్లల్లో చాలామంది ముందు ఆ కుక్క దగ్గరికే పరిగెత్తారు.

ఏటా ఎండాకాలంలో అక్కడ సైన్స్ ప్రదర్శన పెడతారు. టికెట్ లేదు. దేశంలోని ల్యాబులన్నిటి నుంచీ ఎంపికైనవాళ్ళు వచ్చి స్టాళ్ళు వేస్తారు. మన తిరనాళ్ళే అనుకోండి, ప్రభలూ జీళ్ళూ లేవంతే.

మా ల్యాబు స్టాలు వరి అగ్గితెగులు మీద, ఒక శిలీంధ్రం తెచ్చే జబ్బు అది. వరి పండని దేశంలో ఆ గొడవెందుకంటారేమో, దీని చుట్టం ఒకటి గోధుమ మీద కూడా పడుతోంది. 1985లో బ్రెజిల్లో బయటపడి, 2016లో బంగ్లాదేశ్‌కి వచ్చేసింది. ఆకుల మీద నూలుకండె మచ్చలూ, వెన్నుల మెడవిరుపూ మీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది అది ఆకులోకి ఎలా దూరుతుందన్నది. ఆకు మీద పడ్డ శిలీంధ్రబీజం మొలకెత్తి, చివర ఒక బుడగ కడుతుంది. ఆ బుడగలో ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి దాదాపు 40 రెట్లు. ఆ బలంతో ఆకు పొరని పొడుచుకుని లోపలికి పోతుంది. అంత ఒత్తిడికి బుడగ పగలకుండా గోడకి పట్టునిచ్చేది మెలనిన్, మన జుట్టుకి నలుపునిచ్చేలాంటి పదార్థమే. పెదబావ కొట్టే ట్రైసైక్లజోల్ మందు ఆ మెలనిన్‌ని తయారవనివ్వదు. అంటే అది గుమ్మం దగ్గర కాపలా కాసే మందు. ఇంట్లోకి దూరిన దొంగ మీద దానికంత పట్టుండదు. ఈ మాట పెదబావకి చెప్పండి, పక్క చేలో కొట్టాడని తనూ కొట్టడం మానతాడేమో.

అక్కడ మాట్లాడేముందు మాకు ట్రైనింగ్ ఉంది. శాస్త్రవేత్తలకి మామూలు మనుషులతో మాట్లాడటం నేర్పిస్తారు, నవ్వకండి. నేను మొదటి వాక్యంలోనే నాలుగు టెక్నికల్ మాటలు వాడేసరికి నేర్పే ఆవిడ చెయ్యెత్తి ఆపేసింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, మా జబ్బు సరిగ్గా అదే. చివరికి ఒక సైకిలు పంపు, ఒక బెలూను పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. ఏడెనిమిదేళ్ళ పిల్ల ఒకతె అంతా విని, "దానికి కళ్ళు లేవుగా, కింద ఉన్నది ఆకేనని ఎలా తెలుస్తుంది?" అంది. నాన్నగారూ, ఈ రంగంలో జనం ఏళ్ళకేళ్ళు పనిచేస్తున్న ప్రశ్న అది! ఆకు గట్టిదనం, పైనుండే మైనం లాంటి పూత చూసి పోల్చుకుంటుందని చెప్పాను. నీరంటని ప్లాస్టిక్ మీద వేస్తే మోసపోయి అక్కడా బుడగ కట్టేస్తుందని చెబితే పడీపడీ నవ్వింది.

ఇంకో పెద్దాయన మాత్రం నవ్వలేదు. "దీనికి డబ్బెవరిస్తున్నారు?" అన్నాడు. మీరేనండీ అన్నాను. సొసైటీ పరిశోధకులకిచ్చే డబ్బులో పెద్ద భాగం ప్రభుత్వం ఇచ్చేదే. ఎవరికివ్వాలో తేల్చేది మాత్రం ఆ రంగం తెలిసిన శాస్త్రవేత్తలు. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, పంపు ఇంకోసారి కొట్టు" అన్నాడు.

మీ ప్రశ్నకి అసలు జవాబు ఈ డబ్బు దగ్గరే ఉంది. పీహెచ్‌డీ అయ్యాక ఇక్కడ మా బతుకులన్నీ రెండేళ్ళూ మూడేళ్ళ కాంట్రాక్టులే. ఏడాది గడవకముందే తర్వాతి ఉద్యోగం టెన్షన్ మొదలు. రెండేళ్ళ కాంట్రాక్టు మీద ఉన్నవాడు రెండేళ్ళలో తేలే ప్రశ్నే వేసుకుంటాడు, కష్టమైనది ముట్టుకోడు. ఈ సొసైటీ 1983 నుంచి యూనివర్సిటీ రీసెర్చ్ ఫెలోషిప్ అని, పరిశోధన చేసుకోవడానికి డబ్బు ఇస్తోంది. ఇప్పుడది ఎనిమిదేళ్ళు. ఇంకా పేరు రాని, పక్కా ఉద్యోగం దొరకని వయసువాళ్ళని చూసి ఇస్తారు. నా పక్క బెంచీ అమ్మాయికున్నది ఇంకోటి, డొరొతీ హాడ్జ్‌కిన్ పేరు మీద. పెన్సిలిన్ నిర్మాణం తేల్చిన ఆవిడ, 1964లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది, మీరు క్లాసులో చెప్పేవారు. పిల్లల పెంపకం వల్లో ఆరోగ్యం వల్లో పూర్తి టైము పని చెయ్యలేనివాళ్ళకి అది. ఈమెకి ఇద్దరు చిన్నపిల్లలు. మధ్యాహ్నానికి వెళ్ళిపోతుంది, ఎవరూ ముఖం చిట్లించరు. మా క్లాసులో ఫస్టొచ్చిన అమ్మాయిలు ఎంతమంది పిల్లలు పుట్టాక ల్యాబు మానేశారో తలుచుకుంటే కడుపులో దేవినట్టుంటుంది.

అయితే వాళ్ళు మొదట్నుంచీ ఇంత మంచివాళ్ళేం కాదు. 1660లో మొదలైన సంస్థ ఆడవాళ్ళని ఫెలోలుగా, అంటే ఆ మూడక్షరాలు పెట్టుకునే సభ్యులుగా, తీసుకుంది 1945లో. 1902లో హెర్తా ఐర్టన్ అనే ఆవిడ పేరు ప్రతిపాదిస్తే, పెళ్ళయిన స్త్రీకి చట్టంలో విడిగా ఉనికి లేదని తోసిపుచ్చారు. నాలుగేళ్ళకి ఆవిడకే పతకం ఇచ్చారు. పతకం ఇవ్వొచ్చుట, పక్కన కూర్చోనివ్వకూడదుట!

మీకు నచ్చే కథ ఇంకోటి. హాలండ్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో లేవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి. అప్పటి పండితుల భాష లాటిన్ రాదు, కాలేజీ మెట్లెక్కలేదు. తను అరగదీసిన చిన్న గాజు కటకంతో చూసిందల్లా తన డచ్చి భాషలోనే సొసైటీకి ఉత్తరాలు రాసేవాడు. ఇక్కడివాళ్ళు తర్జుమా చేయించుకుని వాళ్ళ పత్రికలో వేసేవాళ్ళు. ఆ పత్రిక 1665 నుంచి ఇవాళ్టికీ వస్తోంది. మిరియాలకి ఘాటెక్కణ్ణుంచి వస్తుందో చూద్దామని నీళ్ళలో నానబెట్టి చూస్తే ఆ నీళ్ళనిండా కదిలే జీవులు! 1676లో ఆ సంగతి రాశాడు. నమ్మలేకపోయారు. చర్చి గురువులతో, నోటరీతో సాక్ష్యాలు రాయించి పంపాడు. సంతకాలతో పనయ్యేది కాదని, సొసైటీలో ప్రయోగాలు చేసి చూపించే రాబర్ట్ హుక్ ఇక్కడే మిరియాల నీళ్ళు నానబెట్టి, 1677 నవంబరులో అందరికీ కళ్ళారా చూపించాడు. సొసైటీ ధ్యేయవాక్యానికి అర్థం కూడా అదే, ఎవరి మాటా ఊరికే నమ్మకు అని. 1680లో ఆ బట్టల వ్యాపారిని ఫెలోని చేశారు.

ఆ కథ వింటుంటే నాకు మీరు ఫ్యూజు పోయిన బల్బు లోపలి సామానంతా తీసేసి, నీళ్ళు నింపి, దాన్నే భూతద్దం చేసి వేపాకు ఈనెలు చూపించిన రోజు గుర్తొచ్చింది. అయస్కాంతం పాఠానికి లేత్ షాపు నుంచి ఇనుప రజను మోసుకొచ్చేవారు, మీ జీతంలోంచే. ఇక్కడ బడిలో మాస్టారు ఎవరైనా ఒక శాస్త్రవేత్తనో ఇంజనీరునో జత చేసుకుని అడిగితే, పిల్లల చేత ప్రయోగాలు చేయించడానికి సొసైటీ 3,000 పౌండ్ల దాకా ఇస్తుంది. అది చదివినప్పుడు మాత్రం కొంచెం కుళ్ళుకున్నాను.

మనకి ఇలాంటి సంస్థలు లేవని కాదు. నన్ను ల్యాబు గుమ్మం ఎక్కించిందే మన సైన్స్ అకాడమీలు. బెంగళూరుది, ఢిల్లీది, అలహాబాదుది కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ మీదే కదా ఆ రెండు నెలలు హైదరాబాదులో ఉన్నాను. బస్సెక్కిస్తూ మీరు వంద జాగ్రత్తలు చెప్పారు. కాకపోతే మన మండలంలో ఆ సంగతి తెలిసినవాళ్ళు అప్పుడూ లేరు, ఇప్పుడూ ఉన్నారనుకోను. మీరన్న మూడక్షరాలు మనవాళ్ళకీ ఉన్నాయి. గూడూరు, నూజివీడు, నందిగామ బడుల్లో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారిని 1967లో ఫెలోగా ఎన్నుకున్నారు. నూజివీడు మామిడి పళ్ళ గురించి చెప్పినంతగా ఆయన గురించి ఎవరైనా చెప్పుకుంటారా?

సంక్రాంతికి వస్తున్నాను, టికెట్ కొనేశాను. సెలవులయ్యి బడి తెరిచేదాకా ఉంటాను. హెడ్మాస్టారు గారిని అడిగి నాకొక పూట ఇప్పించండి. మంచు పడే రోజులు కాబట్టి దాళ్వా నారుమళ్ళలో మచ్చలున్న ఆకులు దొరుకుతాయి. సైకిలు పంపు పెదబావది తెద్దాం. బల్బు మాత్రం మీరే చూడాలి. ఎల్‌ఈడీ వాటితో ఆ పని కాదు. అటక మీద పాత ఫిలమెంటు బల్బేమైనా మిగిలుంటే అమ్మ పారెయ్యకముందే తీసి దాచండి.

మీ
చిన్ని