మచ్చకంటే ముందు నీటిని వెతికినవారికి కృతజ్ఞతలు

పడకగది గోడకు పట్టిన బూజును తీసి, గోడను పొడిగా అప్పగించిన పనివాళ్లందరికీ పేరుపేరునా నమస్కారాలు.

మీరు వచ్చిన వెంటనే నల్లమచ్చ జోలికి పోలేదు. తేమ మీటరును గోడ పొడవునా జానెడు జానెడు దూరంలో ఆనిస్తూ వెళ్లారు. మచ్చకు మూడడుగుల అవతల, స్నానాలగది పైపు జాయింటు ఉన్నచోట అంకె ఒక్కసారి పెరిగింది. ప్లంబరు గారు ఆ జాయింటు మార్చాకే అసలు పని మొదలుపెట్టారు. నీటి ఊట ఆపకుండా ఎంత తోమినా బూజు మళ్లీ పడుతుంది. తడిసిన చోటును 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టకపోతే అది మొలకెత్తడం మొదలవుతుంది.

మన భాషలో సాలెగూడునీ బూజే అంటాం, గోడకు పట్టే ఈ శిలీంధ్రాన్నీ బూజే అంటాం. అందుకే చాలామంది చేతికి ముందు బూజుకర్రే వస్తుంది. పొడిగా దులిపితే కంటికి కనపడని బీజాలు గదంతా లేస్తాయి. ఫ్యాను తిరుగుతుంటే ఇల్లంతా పాకుతాయి. మీరు ముందుగా ఫ్యాను, ఏసీ ఆపించి, తలుపుకు మందపాటి పాలిథిన్ షీటు నాలుగువైపులా టేపుతో అంటించారు. అతి సన్నని బీజాలను కూడా పట్టే హెపా ఫిల్టరున్న యంత్రంతో గది గాలిని బయటికి లాగారు. లోపలి ఒత్తిడి తగ్గడంతో షీటు గది లోపలికి ఉబ్బింది. గది గాలి ఇంట్లోకి రాకుండా, ఇంటి గాలే గదిలోకి వెళ్తోందనడానికి అదే గుర్తు. ఆ ఉబ్బు తగ్గినప్పుడల్లా పని ఆపి టేపు సరిచూసిన తమ్ముడికి ప్రత్యేకంగా ధన్యవాదాలు.

గోడకు బిగించిన జిప్సం బోర్డును (రెండువైపులా కాగితం అంటించిన పలకను) మచ్చ అంచువరకే కోసి ఊరుకోకుండా, దాటి రెండడుగులు ఎక్కువ కోశారు. వెనకవైపు చూస్తే ఎందుకో అర్థమైంది: ముందు అరచేయంత మచ్చ, వెనక కాగితం పొర మీద పళ్లెమంత వెడల్పున నల్లని నూగు. బోర్డు, కార్పెట్, పరుపు లాంటివి లోపలికంటా పీల్చుకుంటాయి కాబట్టి వాటిని సంచుల్లో మూటగట్టి పారేయాల్సిందే. గాజు, లోహం, టైల్స్ సబ్బునీళ్లతో కడిగి ఆరబెడితే చాలు. బ్లీచింగ్ చల్లితే రంగు పోతుంది గానీ, బోర్డు లోపలి వేళ్లు పోవు. చచ్చిన బూజు కూడా అలర్జీ పుట్టిస్తుంది. పైన రంగు వేస్తే కొన్నాళ్లకు పెచ్చులూడుతుంది. బ్లీచింగ్‌ను అమ్మోనియా ఉన్న ద్రావణంతో మాత్రం ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

డాక్టరు గారికీ రుణపడి ఉన్నాం. ముక్కు కారడం, కళ్లు దురద, తగ్గని దగ్గు విన్నాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో చెమ్మ వాసన వస్తోందా?" ఆస్తమా ఉన్నవాళ్లకు పిల్లికూతలు ఎక్కువవుతాయనీ, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ దాకా పోవచ్చనీ, పని జరిగినన్నాళ్లూ పిల్లల్ని, పెద్దవాళ్లని వేరే చోట ఉంచమనీ చెప్పారు.

మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లోపు మచ్చయితే ఎన్95 మాస్కు, చేతితొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని ఇంట్లోవాళ్లే తీసుకోవచ్చు. అంతకు మించితే, మురుగునీళ్లతో తడిస్తే, ఏసీ గొట్టాల్లోకి పాకితే పని తెలిసినవాళ్లనే పిలవండి. నీరు ఎక్కడిదో అడగకుండా మందు కొడతామనేవాళ్లను వద్దనండి. పరీక్ష చేసేవాళ్లూ తీసేవాళ్లూ ఒకరే కాకుంటే మేలు. ఏం కోస్తారు, ఏం పారేస్తారు, ఎంత పొడి అయ్యాక మూస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి.

మేము అడక్కుండానే మీరు అది రాశారు. కొత్త బోర్డు బిగించేముందు రోజూ వచ్చి, చెక్క ఫ్రేము మీద పెన్సిలుతో తేమ శాతం వేశారు: 24, 19, 15. మూడో అంకె పడ్డాకే గోడ మూశారు.