గణిత స్కాలర్ల చదువుకు భృతి ఇవ్వండి: రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రాష్ట్ర విశ్వవిద్యాలయంలో గణితం బోధిస్తూ పిహెచ్‌డీ స్కాలర్లకు గైడుగా ఉంటున్నాను. ఏ ఫెలోషిప్పూ రాని ఫుల్‌టైమ్ గణిత స్కాలర్లకు రాష్ట్ర ప్రభుత్వమే నెలనెలా భృతి ఇవ్వాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)గా 42,000 అందుతున్నాయి. జేఆర్‌ఎఫ్ రాకపోయినా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీటు దొరికితే యూజీసీ నెలకు 8,000 ఇస్తుంది. ఈ రోజుల్లో అది ఏ మూలకూ చాలదు, అయినా మెస్ బిల్లు గట్టెక్కుతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరినవారికి ఆ 8,000 కూడా లేదు. ఒకే పరీక్ష రాసిన ఇద్దరిలో కొద్దిపాటి మార్కుల తేడాతో ఒకరి చదువు నిశ్చింతగా సాగిపోతుంది. రెండోవారు అడ్మిషన్ దొరికిన నెలలోనే ఉద్యోగం వెతుక్కుంటారు.

గణితం చదివినవారికి ఆ ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందో మీకు తెలియనిది కాదు. నా దగ్గర పనిచేస్తున్న ఒక అమ్మాయి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో అవధులు, అవకలనం చెబుతుంది. ఆపైన స్టడీ అవర్స్ డ్యూటీ. పరిమిత జాలకాలకు తాను నిరూపించిన ఒక ఫలితం అనంత జాలకాలకూ నిలుస్తుందా అన్నది ఆమె పరిశోధన ప్రశ్న. జాలకం (లాటిస్) అంటే, ఏ రెండు మూలకాలు తీసుకున్నా వాటికి పైన అతి దగ్గరగా ఒకటి, కింద అతి దగ్గరగా ఒకటి ఉండే క్రమ సమితి. పరిమిత జాలకంలో అన్నిటికీ పైనుండే గరిష్ఠ మూలకం తప్పకుండా ఉంటుంది, అనంత జాలకంలో ఉండకపోవచ్చు. నిరూపణ సరిగ్గా అక్కడే ఆగిపోయింది. దారి మార్చి నిరూపించాలా, అది నిలవని ఒక ఉదాహరణ (ప్రత్యుదాహరణ) కట్టి తప్పని తేల్చాలా? తేలాలంటే రోజుల తరబడి వేరే ధ్యాస లేకుండా దానిమీదే కూర్చోవాలి. ఆదివారం ఆమె నోట్‌బుక్ తెచ్చి చూపిస్తే, పని క్రితం వారం నేను ఎర్ర సిరాతో గీత గీసిన పంక్తి దగ్గరే ఉంటుంది. కింద అన్నీ కొట్టివేతలే. తెలివి తక్కువై కాదు. ఆలోచన తెగిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి అందుకోవాల్సి వస్తోంది.

మిగతా శాస్త్రాల్లోలాగా మాకు ప్రయోగశాలలు, రసాయనాలు, ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. నల్లబల్ల, పుస్తకాలు, పరిశోధన పత్రికలు, తప్పు ఎక్కడుందో చూపించగల మనిషి ఉంటే చాలు. పత్రికల కొరత చాలావరకు తీరింది కూడా. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకంతో ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 పత్రికలు ఆన్‌లైన్‌లో అందుబాటులోకి వచ్చాయి. ఇది నిజంగా గొప్ప మేలు. మా గ్రంథాలయంలో బైండు చేసిన సంపుటాలు ఎప్పుడో ఆగిపోయాయి, ఈ పథకం ఆ లోటు తీర్చింది. ఇప్పుడు లేనిదల్లా వాటిని చదివే సమయం.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పిహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మంచి గణిత పత్రికకు పంపిన పేపరుపై సమీక్షకుల అభిప్రాయం రావడానికే ఏడాది పట్టడం మామూలు. బతుకుతెరువుకే రోజంతా పోతుంటే గడువు ముంచుకొస్తుంది. అప్పుడు డబ్బు తీసుకుని వారాల్లో అచ్చు వేసే పత్రికలు తలుపు తడతాయి. అలా వచ్చిన పేపర్లతో పట్టా చేతికొస్తుంది కానీ, గణితానికి ఒరిగేది ఏమీ లేదు. ఇది చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మన నేలకు గణితం కొత్త కాదు. గణితవేత్త కె. చంద్రశేఖరన్ మచిలీపట్నంలో పుట్టారు. సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. చేసి, 1945లో కలకత్తాలో ఉండగా ప్రచురించిన పేపరుతో గణాంకశాస్త్రంలో స్థిరమైన పేరు తెచ్చుకున్నారు. వాల్తేరులో (విశాఖపట్నం) పాఠాలు చెప్పిన గణితవేత్త మీనాక్షిసుందరం 1949లో స్వీడన్ గణితవేత్త ప్లేయెల్‌తో కలిసి రాసిన పేపరును ఇప్పటికీ ప్రపంచమంతా ఉదహరిస్తోంది. ఆ స్థాయి పని మళ్లీ ఇక్కడ జరగదని నేను ఒప్పుకోను.

ఖర్చు లెక్క కూడా చెబుతాను. నెలకు 25,000 చొప్పున వంద మందికి ఏడాదికి 3 కోట్లు. నాలుగేళ్లకు 12 కోట్లు. ఊరికే ఇవ్వమని కాదు. ఆరు నెలలకోసారి బయటి విశ్వవిద్యాలయాల గణితవేత్తల ముందు స్కాలరు సెమినార్ ఇవ్వాలి. పని కదలకపోతే భృతి ఆపండి. భృతి తీసుకునేవారు బయట ఉద్యోగం చేయకూడదన్న షరతూ పెట్టండి. అయితే డబ్బు మాత్రం నెలనెలా పడాలి. బకాయిలన్నీ ఏడాది చివర కలిపి ఇస్తే, ఈలోగా ఇంటద్దె కట్టలేక స్కాలరు మళ్లీ ఆ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లోనే తేలతాడు, పథకం కాగితం మీదే మిగులుతుంది.

పట్టా చేతికొచ్చాక వారికి ఉద్యోగాలేవి, ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టుల సంగతేమిటి అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. దానిపై విడిగా రాస్తాను. ప్రస్తుతానికి, వచ్చే బడ్జెట్ ప్రతిపాదనలు సిద్ధమయ్యేలోపు రాష్ట్ర విశ్వవిద్యాలయాల గణిత విభాగాధిపతులను ఒకసారి పిలిపించండి. ప్రతి విభాగంలో ఫెలోషిప్ లేని స్కాలర్లు ఎంతమంది, వారు పగలు ఎక్కడ పనిచేస్తున్నారు అని అడగండి. ఆ జాబితా చూశాక నిర్ణయం తీసుకోండి.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకుడు