మా తమ్ముడి కోసం నిలబడ్డ మేడమ్‌కు కృతజ్ఞతలు

మా తమ్ముడు తాగుడు మానడానికి అండగా నిలబడ్డ హనుమకొండ సోషల్ వర్కర్ మేడమ్‌కు మా ఇంటిల్లిపాది తరఫున చేతులెత్తి దండం పెడుతున్నాను. ఈ పోస్ట్ తమ్ముడు చదివి "పెట్టు అక్కా" అన్నాకే పెడుతున్నా. మేడమ్ తన పేరు వద్దన్నారు కాబట్టి పేరు రాయడం లేదు.

తమ్ముడు ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. తాగుడు మాన్పించే సలహాలకు మాకేం కొదవ లేదు. గుడిలో ఒట్టు వేయించమని ఒకరు, తెలియకుండా కూరలో కలిపే పొడి ఉందని ఒకరు, ఎక్కడైనా పడేసి తాళం వేయమని ఇంకొకరు. ఆ పొడి మాట వినగానే మేడమ్ గట్టిగా వద్దన్నారు. చెప్పకుండా అలాంటి మందు పెడితే, దాని మీద తాగినప్పుడు ప్రాణం మీదికి రావచ్చట.

మొదటి రోజు మమ్మల్ని బయట కూర్చోబెట్టి వాడితోనే మాట్లాడారు. తాగితే నీకేం మేలు జరుగుతోంది అని అడిగారట. అంతమందిలో వాడిని ఆ మాట అడిగినవాళ్లు లేరు. పొద్దంతా మిర్చి బస్తాలు మోస్తే నడుము, భుజాలు పీకేస్తాయని, క్వార్టర్ పడితేనే కన్ను మూతపడుతుందని చెప్పాడు. అప్పటిదాకా మాకు తాగుడే కనిపించింది, ఆ నొప్పి కనిపించలేదు. నడుముకు ఫిజియోథెరపీ అక్కడి నుంచే మొదలైంది.

ఆవేశంలో "రేపటి నుంచే బంద్" అన్నాడు. మేడమ్ ఆపి ముందు డాక్టర్ దగ్గరికి పంపారు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, చెమటలు మొదలై, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి మాట్లాడొచ్చు. ఇది చాలా ఇళ్లలో తెలియదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. కొన్నాళ్లు హాస్పిటల్‌లో ఉంచి, బి1 విటమిన్, మందులు ఇచ్చి, ఒంట్లో కుదురుకున్నాకే మేడమ్ అసలు మాటలు మొదలుపెట్టారు.

మానాలని ఎంత ఉందో సున్నా నుంచి పది దాకా చెప్పమన్నారు. నాలుగు అన్నాడు. నేనైతే నాలుగేనా అని మీద పడేదాన్ని. మేడమ్ మాత్రం "నాలుగు అన్నావు, ఒకటి ఎందుకు అనలేదు?" అని అడిగారు. అంతే, వాడే చెప్పుకుంటూ పోయాడు. బిడ్డ పదో తరగతి, బడిలో మీటింగ్ ఉంటే బాపుకు చెప్పొద్దని తల్లితో అన్నదట. ఆ మాట వాడి నోటితో వాడే చెప్పాడు. మనిషి తన నోటితో తాను చెప్పిన కారణాన్నే పట్టుకుని నిలబడతాడని మేడమ్ అంటారు. దీన్ని మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారట, విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1983లో తాగుడు సమస్య ఉన్నవాళ్ల కోసమే రాసి, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంచాడట.

ఒక కాగితం మీద నడుమ ఇల్లు గీసి, చుట్టూ మార్కెట్, హమాలీల ముఠా, చుట్టాలు, అప్పులు అన్నీ వాడితోనే గీయించారు. మార్కెట్ నుంచి ఇంటికి వచ్చే గీత మీద బెల్టు షాపు పడింది. చేతిలో నగదు ఉన్న రోజే కాళ్లు అటు పోతున్నాయని వాడికే తట్టింది. కూలి డబ్బులు మా మరదలి ఖాతాలో వేయమని మేస్త్రీతో వాడే మాట్లాడుకున్నాడు.

తాగుడు మానినవాళ్ల మీటింగ్‌కు కూడా పంపి చూశారు. కొత్తవాళ్ల మధ్య వాడికి నోరు పెగల్లేదు. మేడమ్ పట్టుబట్టలేదు, దాన్ని పక్కనపెట్టి, మార్కెట్‌లోనే మానేసిన ఒక పెద్దమనిషితో కలిపారు. అది కుదిరింది. నాకు ఆమెలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఒక పద్ధతి వీడికి సరిపోలేదంటే ఆమె పద్ధతినే మార్చారు, వీడిని తప్పుపట్టలేదు.

మరదలితో విడిగా మాట్లాడారు. కొడుతున్నాడా, పిల్లలు భయపడుతున్నారా అని నేరుగా అడిగి, ఎప్పుడైనా పరిస్థితి చెయ్యి దాటితే ఎవరింటికి వెళ్లాలో ముందే అనుకోమని, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్ ఫోన్‌లో పెట్టుకోమని చెప్పారు. ఆ రోజు మరదలు మా ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చింది, మనసు తేలికైందన్నది.

మేడారం జాతరకు పోయినప్పుడు మళ్లీ తాగాడు. ఇంట్లో అందరికీ టెన్షన్. మేడమ్ మాత్రం "అప్పుడు నీ పక్కన ఎవరున్నారు, ఎన్ని గంటలకు తాగావు, అప్పటికి ఏమైనా తిన్నావా" అని అడిగి, దసరాకు ఏం చేయాలో వాడితో కాగితం మీద రాయించారు. దసరా మందు లేకుండానే గడిచింది.

డాక్టర్ సారుకు, కూలి విషయంలో సహకరించిన మేస్త్రీకి, ఆ పెద్దమనిషికి కూడా మా దండాలు. ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్లు మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. మత్తు, తాగుడు విషయాలకు 14446 కూడా ఉంది. తమ్ముడు ఇంకా మేడమ్ దగ్గరికి వెళ్తూనే ఉన్నాడు, ఈసారి బిడ్డ కూడా వస్తానంటోంది.