చెరువు మీది యాంటెన్నాకు నీటి లెక్క

సంపాదకులకు నమస్కారం.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో తేలే సెన్సార్ల సిగ్నల్ గట్టుకు రాకపోతే అందరూ బ్యాటరీనే అనుమానిస్తారు. యాంటెన్నాను కంప్యూటర్‌లో డిజైన్ చేసిన లెక్కనూ చూడాలి.

సిగ్నల్ 866 మెగాహెర్ట్జ్‌ది అయితే దాని తరంగం పొడవు గాలిలో సుమారు 35 సెంటీమీటర్లు. నీటి పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె, గాలికి 1) 78 దగ్గర కాబట్టి నీటిలో 4 సెంటీమీటర్లే. 1966లో కేన్ యీ అనే శాస్త్రవేత్త చూపిన ఎఫ్‌డీటీడీ పద్ధతిలో స్థలాన్ని చిన్న గడులుగా కోసి తరంగాన్ని అడుగడుగునా లెక్కిస్తారు. ఒక తరంగం పొడవుకు 20 గడులు వేస్తే గాలిలో 17 మిల్లీమీటర్ల గడి చాలు, నీటిలో 2 మిల్లీమీటర్లు కావాలి. గాలి గడినే నీటికీ వాడితే తరంగ వేగమే తప్పుతుంది. కంప్యూటర్ చూపే రంగుల బొమ్మ మాత్రం చక్కగానే వస్తుంది, అందుకే ఎవరూ పట్టుకోలేరు.

గడి సగం చేస్తే మెమరీ 8 రెట్లు, సమయం 16 రెట్లు. అయినా లెక్కలో చెరువు అడుగుదాకా గీయనక్కర్లేదు. ఉప్పునీటి వాహకత (కరెంటును పారనిచ్చే గుణం) మీటరుకు 1 సీమెన్స్ ఉంటే 5 సెంటీమీటర్ల లోతుకే క్షేత్రం మూడోవంతుకు పడిపోతుంది. 20 సెంటీమీటర్ల నీరు, దాని కింద శోషక పొర (తరంగాన్ని వెనక్కి తిప్పకుండా మింగేసే అంచు) చాలు. వాహకతను పుస్తకంలోంచి తీసుకోకండి. వానలకు, ఎండలకు మారిపోతుంది, చెరువు దగ్గరే మీటరు పెట్టి కొలవాలి.

గడి సగం చేసి మళ్లీ లెక్కించినా రెజొనెన్స్ (యాంటెన్నా బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీ) 1 శాతానికి మించి కదలకూడదు. మన ఇంజనీరింగ్ కాలేజీలు ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ పరీక్షను తప్పనిసరి చేయాలి.

– ఒక యాంటెన్నా ఇంజనీర్, భీమవరం