తెల్లబట్టకు కిట్ ఒక్కటే మందు కాదు

సంపాదకులకు,

తెల్లబట్ట అవుతోందని, నడుము లాగేస్తోందని, ఒళ్లంతా నీరసమని వచ్చే స్త్రీకి సర్కారు దవాఖానాల్లో ముందుగా దక్కేది ఆకుపచ్చ కిట్, అంటే ఇన్ఫెక్షన్ మాత్రల పొట్లం: సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు, ఒక్కసారే. ఇన్ఫెక్షన్ ఉంటే సరే. లేకపోతే నెల తిరక్కుండా అదే బాధతో మళ్లీ వస్తుంది.

గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం చేసిన సర్వే (2005) ఈ ఫిర్యాదుకు ఇన్ఫెక్షన్ల కన్నా దిగులు, ఆందోళన వంటి వాటితోనే గట్టి సంబంధం చూసింది. తెల్లబట్టతో ఒంట్లో సారమంతా పోతోందన్న భయం మన దగ్గర పాతదే. మగవాళ్లలో ఇలాంటి భయానికి, అంటే వీర్యం పోయి నీరసపడతామన్న దానికి, ధాతు సిండ్రోమ్‌గా ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-10లో చోటు దొరికింది. ఆడవాళ్లది పరిశోధన పత్రాల్లోనే మిగిలింది.

దుర్వాసన, దురద, పొత్తికడుపు నొప్పి, కలయిక తర్వాత రక్తం ఉంటే పరీక్ష తప్పదు. ఇవేవీ లేక, స్రావం పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత) 4.5 దాటకపోతే, వెంట వచ్చిన భర్తనో అత్తనో బయట కూర్చోబెట్టి నిద్ర, ఆకలి, ఇంటి గొడవల గురించి అడగాలి. డిప్రెషన్‌ను అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పట్టిక పీహెచ్‌క్యూ-9లో మార్కులు 10 గానీ ఆపైన గానీ వస్తే డిప్రెషన్ ఉందేమో వివరంగా చూడాలి. "నీకేం లేదు, అంతా మనసులోనే" అని మాత్రం అనొద్దు. ఆ మాట విన్నావిడ నేరుగా సెలైన్ ఎక్కించేవాడి దగ్గరికే వెళ్తుంది.

— ఒక పాఠకురాలు