2024–25 వార్షిక నివేదిక: ఇంఫాల్ మిషన్ జరిపిన సంవత్సరం

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశం ముందు పెట్టాల్సిన నివేదిక ఇది. కంప్యూటర్ సిమ్యులేటర్‌లో యుద్ధ విమానాలు నడిపే మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ముందు కృతజ్ఞతలు చెప్పాలి. బళ్లారి చౌరస్తా దగ్గర తన నెట్ సెంటర్‌ను శనివారం రాత్రుళ్లు మనకు వదిలేసి, ఏనాడూ కరెంటు బిల్లు మాటెత్తని యజమాని గారికి. వైమానిక దళంలో టెక్నీషియన్‌గా చేసి రిటైరై, మన పిల్లలకు ఇంజన్ సంగతులు విసుక్కోకుండా చెప్పిన పెద్దాయనకు. మిషన్ రాత్రి అందరికీ ఉగ్గాని, బజ్జీ చేసి పంపిన కోశాధికారి గారి ఇంటివాళ్లకు. ఆదోని, నంద్యాల నుంచి జాయ్‌స్టిక్‌లు సంచుల్లో పెట్టుకుని బస్సెక్కి వచ్చిన తమ్ముళ్లకు సంఘం రుణపడి ఉంది. రాత్రి పొద్దుపోయేదాకా పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు మరీ మరీ నమస్కారాలు.

ఈ ఏడాది చెప్పుకోదగ్గ పని అంటే 2024 జూన్ 22, శనివారం రాత్రి జరిపిన ఇంఫాల్ మిషనే, అంటే మణిపూర్‌లోని ఇంఫాల్ యుద్ధాన్ని సిమ్యులేటర్‌లో మళ్లీ ఆడడం. ఆ తేదీ కావాలనే ఎంచుకున్నాం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 మార్చి 29న జపాన్ సైన్యం కోహిమా–ఇంఫాల్ రోడ్డును తెంపేసింది. జూన్ 22న 109వ మైలురాయి దగ్గర ఆ దారి మళ్లీ తెరుచుకుంది. సరిగ్గా 80 ఏళ్లు. ఆ మధ్యకాలమంతా ఇంఫాల్ లోయలో ఉన్న బ్రిటిష్ ఇండియా సైన్యానికి తిండి, మందుగుండు విమానాల్లోనే వచ్చాయి. గాయపడినవాళ్లు తిరుగు విమానాల్లో బయటపడ్డారు. అప్పుడు ఇంఫాల్‌లో హరికేన్ యుద్ధ విమానాలు నడిపింది మన వైమానిక దళం ఒకటో స్క్వాడ్రన్. నాయకుడు అర్జన్ సింగ్, అప్పటికి పాతికేళ్ల కుర్రాడు. ఆ పోరాటంలోనే ఆయనకు డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) పతకం వచ్చింది. తర్వాత వైమానిక దళాధిపతి అయ్యారు, 2002లో మార్షల్ హోదా అందుకున్నారు.

మన పిల్లల్లో చాలామందికి ఆయన పేరే తెలియదు. ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయం వచ్చాక మన కుర్రాళ్లకు ఆకాశం మీద ఆసక్తి పెరిగింది. కానీ సిమ్యులేటర్ ముందు కూర్చోగానే యూరప్ యుద్ధాలే ఆడుతున్నారు. మనవాళ్లు ఎగిరిన యుద్ధం ఒకటుందని వాళ్ల చేతికి తెలియాలన్నది కార్యవర్గం పట్టుదల.

మేం వాడిన సిమ్యులేటర్ ఆట ఐఎల్-2 స్టర్మోవిక్ 1946 పాతదే, 2006లో వచ్చింది. అయినా పాత కంప్యూటర్లలో నడుస్తుంది, మిషన్ మనమే కట్టుకోవచ్చు, హరికేన్లూ జపాన్ విమానాలూ రెండూ అందులో ఉన్నాయి. మన టెక్నికల్ కమిటీ వేసవంతా కూర్చుని దీన్ని కట్టింది. ఒకటో స్క్వాడ్రన్ ప్రధానంగా చేసిన పని నిఘా. జంటగా వెళ్లేవారు. ముందువాడు తల వంచి నేలనే చూస్తాడు, వెనకవాడు అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ ఆకాశాన్ని చూస్తాడు. ముందువాడి ప్రాణం వెనకవాడి కళ్లల్లో ఉంటుంది. అందుకే మేము కూల్చిన విమానాలకు మార్కులు పెట్టలేదు, తెచ్చిన సమాచారానికి పెట్టాం. మొదట్లో కొందరు గొణిగారు. ఆ రాత్రి తర్వాత ఎవరూ గొణగలేదు.

ఒక్క జంట సంగతి చెప్తాను. ముందు మన బ్యాంకు ఉద్యోగి అన్న, వెనక ఇంజనీరింగ్ రెండో ఏడాది కుర్రాడు. ఇంఫాల్ లోయ అంచున ఉన్న పాలెల్ నుంచి బర్మాలోని తామూ వెళ్లే రోడ్డు మీద, షెనామ్ కొండల దగ్గర చెట్ల కింద జపాన్ లారీలు ఆటలో దాచి పెట్టాం. వానాకాలం కదా, మేఘాలు కొండ అంచుల్ని తాకేలా దించాం. అన్న కిందికి దిగి వెతుకుతుంటే కుర్రాడు హెడ్‌సెట్‌లో అరిచాడు: "అన్నా, వెనక, పైనుంచి ఆస్కార్!" మిత్రపక్షాలవాళ్లు ఆ పేరుతో పిలిచిన జపాన్ కి-43 అది. మలుపుల్లో దాన్ని హరికేన్ అందుకోలేదు. అన్న వెంటనే, "తిరగొద్దు తమ్మీ, డైవ్ కొట్టు, డైవ్!" అన్నాడు. కుర్రాడు డైవ్ కొట్టలేదు. అన్న కెమెరా పని పూర్తయ్యేదాకా శత్రువుకీ అన్నకీ మధ్యనే ఉండిపోయాడు. ఇంజన్ పొగ కక్కుతుంటే చక్రాలు దిగకపోయినా పాలెల్‌లో పొట్ట మీద దించాడు. అన్న తెచ్చిన కబురు, "మలుపు దాటాక మూడు లారీలు, చెట్ల కింద." దాని మీదే రెండేసి 250 పౌండ్ల బాంబులతో తర్వాతి హరికేన్లు బయల్దేరాయి. ఆ లారీలు తగలబడినప్పుడు నెట్ సెంటర్‌లో లేచిన కేక చౌరస్తా దాకా వినపడి ఉంటుంది. ఆ రాత్రి రేడియో మాటలన్నీ తెలుగులోనే నడిచాయి. ఈ సంఘానికి కార్యదర్శిగా ఉన్నందుకు ఆ రాత్రి నిజంగా గర్వపడ్డాను.

ఇక బాధ కలిగించిన విషయాలు. ఈ మిషన్‌కు ముందు ఒక హాలు ఇస్తామని ఒక కార్యాలయం మాటిచ్చింది. కాగితం మీద కాగితం పెట్టాం. ఆఖరి వారం తాళం చెవి ఎవరి దగ్గర ఉందో కూడా చెప్పలేదు. నెట్ సెంటర్ లేకపోతే కార్యక్రమమే ఆగిపోయేది. పిలిచిన అధికారుల్లో ఒక్కరూ రాలేదు, రాలేమన్న కబురూ పంపలేదు.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. వాలంటీర్లుగా పేర్లిచ్చినవాళ్లు బోలెడంత మంది. కేబుళ్లు వేసే రోజు వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొందరు ఫోన్ స్విచాఫ్ చేసుకున్నారు. ఆ కొద్దిమందే టేబుళ్లు మోశారు, సర్వర్ పెట్టారు, తెల్లారేసరికి ఊడ్చి వెళ్లారు. ఫొటోలో నిలబడడానికి మాత్రం అందరూ వచ్చారు. రాలేకపోతే ముందే చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు.

లెక్కలు కోశాధికారి గారు విడిగా పంచారు. చందాలు, చిన్న విరాళాలు జమ. హెడ్‌సెట్లు, కేబుళ్లు, ఇంటర్నెట్ ఖర్చు. ఆడిట్ అయింది. అనుమానాలుంటే సమావేశంలో అడగండి.

వచ్చే ఏడాదికి ఒక ఆలోచన ఉంది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మన తెలుగు తీరం మీద జరిగిన ఆ దాడిని మిషన్‌గా కట్టాలని కమిటీ కోరిక. దానికి తీరం పటం గీసేవాళ్లు, పాత పత్రికలు వెతికేవాళ్లు కావాలి. పేరిస్తే పని చెయ్యాలి. బాకీ ఉన్న చందాలు సమావేశం రోజే కోశాధికారి గారికి ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి, కర్నూలు